సీసం గరిటె

మా ఇంట్లో ఒక ఇనుప గరిటె ఉంది. పొడుగు కాడ, చివర లోతైన గుంట, ఒక పక్క ముక్కులా వంచిన అంచు. దాంతో ఎవరూ ఎప్పుడూ కూర కలపలేదు. అది తాతది. సీసం కరిగించే గరిటె.

మేము ముగ్గురం ఆ తాత మనవలం. మాలో పెద్దది ఆశ్రమ పాఠశాలలో టీచరు. నడిపివాడు కొండమీద కాఫీ, మిరియాలు చూసుకుంటాడు. చిన్నవాడు అడవుల చదువు చదవడానికి అమెరికా వెళ్ళాడు. ఈ నాలుగు మాటలూ ముగ్గురం కలిసి రాస్తున్నాం. ఇందులో జరిగింది ముగ్గురిదీ, తప్పు కూడా ముగ్గురిదీ.

తాత వయసులో ఉన్నప్పుడు ఆయనకి ఒక నాటు తుపాకి ఉండేది. మూతిలోంచి మందు పోసి, గుడ్డ దట్టి, గుండు దింపి కాల్చే రకం. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్ళంతా వేటకి పోయే రోజులవి. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. లైసెన్సు లేని తుపాకి అంతకుముందే నేరం. మేము పుట్టకముందే తాత దాన్ని స్టేషనులో అప్పగించేశాడు. మాకు తుపాకి కథగానే తెలుసు. గరిటె, గుళ్ళు పోసే అచ్చు మాత్రం ఇంట్లో మిగిలాయి. వాటికి తాత వేరే పని చూపించాడు. గెడ్డలో చేపలు పట్టే విసురువల అంచుకి సీసం గుళ్ళు కావాలి కదా. సంతలో పాత బ్యాటరీల సీసం కొని తెచ్చి, కరిగించి, వలగుళ్ళు పోసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి కొనుక్కునేవారు.

అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆ గరిటెని ఇంట్లోకి రానివ్వలేదు. "ఆ పొగ నాకు కడుపులో తిప్పుద్ది, అవతల చింతచెట్టు కింద పెట్టుకో" అనేది. ఆమెది ఒట్టి చాదస్తం అనుకున్నాం. ఆమె పోయాక ఒక వానాకాలం గరిటె వసారాలోకి వచ్చింది. మరో వానాకాలానికి వంటపొయ్యి దగ్గరికే వచ్చింది. మేము చూస్తూనే ఉన్నాం.

పోయినేడాది ఒక ఉదయం చిన్నవాడు వీడియో కాల్ చేశాడు. మాకు తెల్లారే వేళకి అక్కడ సాయంత్రం. వాడుండేది ఉత్తర కాలిఫోర్నియా, క్లామత్ నది ప్రాంతం. వాడి స్నేహితుడొకడు అక్కడి యూరోక్ తెగవాడు. ఆ మనిషి ఇంట్లో వాళ్ళ తాత తుపాకి ఉంది. వించెస్టర్ 1894 నమూనా, జాన్ బ్రౌనింగ్ అనే ఆయన రూపం ఇచ్చిన లివర్ తుపాకి. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప కొక్కేన్ని కిందికి లాగి మళ్ళీ పైకి నొక్కితే, కాలిన తూటా గొట్టం బయట పడి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. తూటాలు తుపాకి గొట్టం కిందనున్న సన్నటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి.

ఆ మనిషి కష్టం ఏమిటంటే, వాళ్ళ తాత అచ్చుతో సొంతంగా సీసం గుళ్ళు పోశాడు. కాగితం మీద గురిపెట్టి కాలిస్తే మొదటి నాలుగూ బాగానే తగులుతున్నాయి. తర్వాతవి ఎటో పోతున్నాయి. కొన్ని అడ్డంగా తిరిగి తగులుతున్నాయి. గొట్టం లోపల చూస్తే సీసం పూత కట్టింది. "మా తాతకి గుళ్ళు పోయడం తెలుసు, అడుగుదాం" అని మావాడు గొప్పగా చెప్పాడట.

తాత ఫోన్ ముందు కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. తెలుగూ ఇంగ్లీషూ మావాడు అటూ ఇటూ మారుస్తుంటే మొదటి ప్రశ్న వేశాడు.

"గోరుతో గీస్తే గీత పడుతుందా?"

పడుతుందన్నాడు అతను.

"అయితే మెత్తన. ఏదో ఒకటి కలపాలి."

తాత చెప్పింది మేము తర్వాత చదివి సరిచూసుకున్నాం. ఒట్టి సీసం చాలా మెత్తన. నెమ్మదిగా పోయే నాటు తుపాకి గుండుకి అది చాలు. కానీ గొట్టం లోపల మెలికల గాళ్ళు ఉండి, గుండు వేగంగా తిరుగుతూ పోయే తుపాకిలో మెత్తని సీసం గాళ్ళని సరిగా పట్టుకోలేదు. సీసంలో కాస్త తగరం, కాస్త ఆంటిమొనీ కలిపితే గట్టిపడుతుంది. తగరం వల్ల అచ్చు మూలలదాకా లోహం నిండుతుంది. మా తాతకి ఆంటిమొనీ పేరు తెలియదు. "నర్సీపట్నంలో ప్రెస్సువాళ్ళు అరిగిపోయిన అచ్చు అక్షరాలు అమ్మేవోళ్ళు, అవి పిడికెడు కలిపేవోళ్ళం" అన్నాడు. పాత ప్రెస్సుల అక్షరాలు సీసం, ఆంటిమొనీ, తగరం కలిపి పోసినవే. అమెరికాలో గుళ్ళు పోసేవాళ్ళు కూడా ఆ అక్షరాలనీ, కారు చక్రాలకి బిగించే పాత సీసం ముక్కలనీ వాడతారని ఆ మనిషి చెప్పాడు.

రెండో ప్రశ్న దగ్గర తాత తప్పాడు. "గుండు గొట్టం కంటే సన్నంగా ఉండాలి, గుడ్డ చుట్టి దింపాలి" అన్నాడు. అతను నవ్వి, నాటు తుపాకికి అది నిజమే గానీ దీనికి కాదన్నాడు. దీనికి గుడ్డ ఉండదు. గుండు గాళ్ళ కొలత కంటే అంగుళంలో వెయ్యో వంతో, రెండు వంతులో లావుగానే ఉండాలి. లేకపోతే కాలిన మందు వేడిగాలి గుండు పక్కనుంచి దూరిపోయి సీసాన్ని కోసేస్తుంది. కోసిన సీసమే గొట్టానికి పూత కడుతుంది.

"అయితే నీది కొలిశావా?" అన్నాడు తాత.

అతను కొలవలేదు. తాత అచ్చు కదా, సరిగ్గానే ఉంటుందనుకున్నాడు. మర్నాడు ఖాళీ గొట్టంలోంచి మెత్తని సీసం ముక్కని నెమ్మదిగా దింపి, దాని మీద పడ్డ గాళ్ళ గుర్తుని కొలిచాడు. గాళ్ళ కొలత అంగుళంలో వెయ్యికి 308 వంతులు. అతని గుళ్ళు 307. తేడా అక్కడుంది. వేరే అచ్చు తెప్పించుకున్నాడు. సీసం మెత్తదనం కంటే ఈ కొలత తప్పడం వల్లే ఎక్కువగా పూత కడుతుందని అతనూ తర్వాత తెలుసుకున్నాడు.

మూడోది మైనం. గుండు చుట్టూ ఉండే గాడిలో జిడ్డు నింపాలి. అతను వాడేది తేనెమైనం, కొంచెం కొవ్వు. ఆ మాట వినగానే తాత ముఖం వెలిగింది. కొండతేనె తీసి మైనం పిండడం మాకు కొత్త కాదు. 1857లో సిపాయిలు తిరగబడింది ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు మీద అని బడిలో చెప్తాం. ఆ జిడ్డు తూటాకి ఎందుకు పూస్తారో మాత్రం మాకూ అప్పటిదాకా తెలియదు.

గుండు ముక్కు చదునుగా ఉండడం చూసి తాత ఎందుకన్నాడు. లివర్ తుపాకిలో తూటాలు వరసగా ఉంటాయని చెప్పాం కదా. ఒక గుండు ముక్కు ముందు తూటా వెనకనున్న ప్రైమరుకి ఆనుకుని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు ప్రైమరుకి పొడుచుకుని లోపలే పేలొచ్చు. అందుకే చదును ముక్కు. గుండు అడుగున చిన్న రాగి టోపీ కూడా తొడిగి ఉంది. వేగం పెరిగినప్పుడు వేడిగాలి సీసం అడుగుని కోయకుండా అది కాస్తుంది.

చివరిది మందు మోతాదు. ఇక్కడ మాలో టీచరుకి పని పడింది. ఆ తూటా పేరు 30-30. మొదటి 30 గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో వందకి 30 వంతులు. రెండో 30 మందు తూకం, 30 గ్రెయిన్లు. 1895లో ఈ తూటా వచ్చినప్పుడు దట్టిన పొగరాని మందు అంత. అంతకుముందు 1873 నమూనా వించెస్టర్‌తో వచ్చిన తూటా పేరు 44-40. అందులో 40 గ్రెయిన్ల నల్లమందు. గ్రెయిన్ అంటే మొదట్లో బార్లీ గింజ తూకం. మనకి గురిగింజ ఉంది కదా. పాత తులం 180 గ్రెయిన్లు, మన లెక్కలో 96 గురిగింజలు, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. ఆ మనిషి పోసిన గుండు 170 గ్రెయిన్లు. తులానికి కాస్త తక్కువ, 90 గురిగింజల పైన. ఇలా చెప్పేసరికి తాతకి గుండు చేతిలో పెట్టినట్టయింది.

"మందు ఎంత పోస్తున్నావు?" అని గట్టిగా అడిగాడు. ఆయన ఎడమ చెంప మీద నల్లటి చుక్కలుంటాయి. పక్కనున్న మనిషి మందు ఎక్కువ దట్టి కాలిస్తే గొట్టం చీలి ఎగిరిన మందు అది. ఆ మనిషి బొటనవేలు పోయింది. అతను అచ్చేసిన మోతాదుల పుస్తకం చూపించాడు. ఏ మందుకి ఆ మందు లెక్క వేరు. నల్లమందు తూకంలో పొగరాని మందు పోస్తే పాత తుపాకి పగులుతుంది. పుస్తకంలో ఉన్న అతి తక్కువ అంకెతో మొదలుపెట్టి, గురి ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుతానన్నాడు. తాత తలాడించాడు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర పోరాడిన గుర్రపు సైనికుల స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లలో కూడా మందు తగ్గించే పెట్టారట. కాలిబంట్ల పొడుగు తుపాకికి 70 గ్రెయిన్లు, తేలికైన కార్బైనుకి 55. ఎక్కువ పెడితే భుజం ఆగదు. ఆ పోరులో లకోటా, చెయెన్ యోధుల్లో కొందరి చేతుల్లో లివర్ తుపాకులుండేవి. సైనికులవి ఒక్కో తూటా పెట్టి కాల్చేవి.

తాత అప్పుడు మన మన్యం మాట ఎత్తాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులు పట్టుకుపోయింది. "తుపాకి దొరికినా తూటా కావాలి కదా. తూటా దొర దగ్గరే ఉంటది" అన్నాడు. అటువైపు అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా తాత కూడా అందుకే అచ్చు దాచుకున్నాడు అన్నాడు.

నెల తర్వాత మళ్ళీ ఫోనొచ్చింది. కొత్త అచ్చు, గట్టి సీసం, తక్కువ మందు. 50 గజాల దూరంలో ఐదు గుళ్ళూ అరచేయంత చోట పడ్డాయి. తాత ఆ కాగితం ఫొటోని సంతలో అందరికీ చూపించాడు. అమెరికా మనిషి తుపాకి బాగుచేశానని చెప్పుకున్నాడు. మేమూ పొంగిపోయాం.

ఆ ఫోన్లోనే తాత అడిగాడు. "జింకని కొట్టావా?"

"ఈ గుండుతో కొట్టను" అన్నాడతను.

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటా వాడకూడదు. అయితే చట్టం కోసం కాదన్నాడు. కాండోర్ కోసం అన్నాడు. అది మన రాబందులాంటిదే, ఇంకా పెద్దది. యూరోక్ భాషలో దాని పేరు ప్రే-గో-నీష్. వాళ్ళ పూజల్లో దానికి చోటుంది. వేటగాడు వదిలేసిన పేగుల్లో, గాయపడి పారిపోయి చచ్చిన జంతువులో సీసం తునకలుంటాయి. అవి తిని కాండోర్లు చచ్చిపోయాయి. 1982 నాటికి లోకం మొత్తం మీద 22 మిగిలాయి. వాటిని పట్టి, పెంచి, మళ్ళీ అడవుల్లో వదులుతున్నారు. యూరోక్ వాళ్ళ గడ్డ మీద 2022 మే నెలలో వాళ్ళే నేషనల్ పార్కు వాళ్ళతో కలిసి వదిలారు. ఇప్పటికీ వాటి చావుల్లో ఎక్కువ సీసం వల్లే. అందుకని అతను సీసం గుండు కాగితానికి, రాగి గుండు వేటకి అని విడదీసుకున్నాడు. రాగి సీసం కంటే తేలిక. ఆ తుపాకికి రాగి గుండు 150 గ్రెయిన్లు. దానికీ చదును ముక్కే. గురి మళ్ళీ మొదటినుంచి సరిచూసుకున్నాడట.

మన వైపు రాబందులు పోయింది పశువులకి వేసిన డైక్లోఫెనాక్ మందు వల్ల. పశువైద్యంలో దాన్ని 2006లో ఆపేశారు. కారణం వేరు గానీ, కళేబరం తినే పిట్ట మనం పెట్టిందే తింటుంది.

అతను ఒక ఎక్స్‌రే బొమ్మ చూపించాడు. సీసం గుండు తగిలిన జింక మాంసం. గాయం చుట్టూ జేనెడు దూరందాకా తెల్లటి చుక్కలు. కంటికి కనపడవు, పంటికి తగలవు. వేగం పెరిగేకొద్దీ తునకలు ఎక్కువ. నెమ్మదిగా పోయే పోతగుండు తక్కువ చెదురుతుంది, అయినా చెదురుతుంది.

తాత ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. తర్వాత మాతో నెమ్మదిగా అన్నాడు. "గుండు తగిలిన చోట మాంసం మెత్తబడుద్ది. అది పిల్లలకి పెట్టేవోళ్ళం."

ఆ పిల్లలు మా నాన్న, మా అత్తలు.

అప్పుడు గానీ మాకు గరిటె గుర్తుకు రాలేదు. టీచరు కొడుక్కి నాలుగేళ్ళు. పగలంతా తాత దగ్గరే ఉంటాడు. ఆయన సీసం కరిగిస్తుంటే పక్కనే కూర్చుంటాడు. చల్లారిన గుళ్ళతో ఆడతాడు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన తేలే తెట్టుని తాత గరిటెతో తీసి వసారా మూల దులిపేవాడు. ఆ మూలే వాడు బొమ్మలు పరుచుకునే చోటు. బిడ్డ కొన్నాళ్ళుగా అన్నం సరిగా తినడం లేదు, కడుపునొప్పి అంటున్నాడు. నులిపురుగులనుకుని మందు వేయించాం.

విశాఖపట్నం తీసుకెళ్ళి రక్తంలో సీసం చూపించాం. డెసిలీటరుకి 11 మైక్రోగ్రాములు. 5 చేరితే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే అంకె ఏదీ లేదని డాక్టరు చెప్పింది. పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. అది చదువు మీద, బుద్ధి మీద పడుతుంది. వేరే మందు అక్కర్లేదు గానీ, సీసం ఇంట్లోంచి పోవాలంది. ఇనుము, కాల్షియం ఉన్న తిండి పెట్టమంది. చోడి అంబలి మంచిదేనా అని అడిగితే, చాలా మంచిది అంది.

ఇంటికొచ్చి తాతకి ఎలా చెప్పాలో తెలియక ముగ్గురం ఒక రోజంతా ఫోన్లలో గొణుక్కున్నాం. చెప్పాక ఆయన ఏమీ వాదించలేదు. "మీ అవ్వ చెప్పింది" అన్నాడు. అంతే.

మర్నాడు సీసమంతా మూటకట్టి నడిపివాడితో పంపేశాడు. వసారా మూల మట్టిని జానెడు లోతు తవ్వి తీసి, కొత్త మట్టి వేసి అలికాం. చీపురుతో దులపకుండా తడిగుడ్డతో తుడిచాం. తాత వలగుళ్ళు పోయడం మానేశాడు. ఇప్పుడు వలలకి ఇనుప గొలుసు కట్టిస్తున్నాడు. వల కాస్త నెమ్మదిగా మునుగుతుందని సణుగుతాడు, కానీ కట్టిస్తున్నాడు. నాలుగు నెలల తర్వాత బిడ్డకి మళ్ళీ పరీక్ష చేయిస్తే 7కి దిగింది. ఇంకా దిగాలి. తాతకీ చేయిద్దామంటే, "నాకెందుకు, ఆ డబ్బుతో పక్కింటి పిల్లకి చేయించండి" అన్నాడు. ఆ పిల్లా అక్కడే ఆడుకునేది. చేయించాం. ఆ పిల్లకి 8.

తోటి టీచర్లకి, మన కుర్రాళ్ళకి ఒక మాట. తుపాకి పట్టమని మేము రాయలేదు. వేట తప్పు, లైసెన్సు లేని తుపాకి తప్పు, ఆ రెండూ అలాగే ఉన్నాయి. కానీ మన పెద్దవాళ్ళ చేతుల్లో ఒక చదువుంది. లోహం గోరుతో గీసి మెత్తదనం చెప్పడం, గురిగింజతో తూచడం, మందు తగ్గించి మొదలుపెట్టడం. ఆశ్రమ పాఠశాలలో మిశ్రమ లోహాల పాఠం ఇప్పుడు అచ్చు అక్షరాలతో మొదలవుతోంది. పిల్లలు తులాలని గ్రాముల్లోకి, గ్రెయిన్లని గురిగింజల్లోకి మారుస్తున్నారు. అదే పాఠంలో సీసం ఒంట్లో ఏం చేస్తుందో కూడా చెప్తున్నాం. చెప్పాక ఒక పిల్ల లేచి, మా ఇంట్లో కూడా బ్యాటరీలు పగలగొడతారు అంది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాం.

మీ ఊళ్ళోనూ వలగుళ్ళు పోసేవాళ్ళు, బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళని దొంగల్లా చూడకండి. కూర్చుని పని ఎలా చేస్తారో అడగండి, తర్వాత పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో చూడండి.

గరిటె ఇప్పుడు చింతచెట్టు కొమ్మకి, బిడ్డ చేతికి అందనంత ఎత్తున వేలాడుతోంది. పారేద్దామన్నాం. తాత ఒప్పుకోలేదు. యూరోక్ మనిషి వచ్చే ఏడాది మావాడితో కలిసి మా ఊరొస్తాడట, ఆయనకి చూపించాలట.